ఇంజనులోని టకటక: ఒక చప్పుడు చరిత్ర

పాత కారు ఒకటి నిండా జనముతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నదనుకొందాము. డ్రైవరు గేరు మార్చకుండా టాప్ గేరులోనే ఉంచి యాక్సిలరేటరును అదిమి తొక్కినాడంటే, బానెట్టు కిందినుండి ఒక చప్పుడు వినవస్తుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లుంటుంది. ఒక్కొక్కప్పుడు ఇనుముమీద చిన్న సుత్తితో కొట్టినట్లు టింగుటింగుమంటుంది. తెలిసిన డ్రైవరైతే వెంటనే కాలు సడలించి గేరు తగ్గిస్తాడు. చప్పుడు ఆగిపోతుంది. మెకానిక్కులు దీనిని నాకింగు అంటారు. ఇంజను లోపల ఏదో మరచీల వదులైనట్లు తోస్తుంది గాని, నిజానికి అక్కడ వదులైనది ఏదీ లేదు. మ్రోగుతున్నది మండుతున్న వాయువే.

వినుటకు ఇంత చిన్నదైన ఈ చప్పుడు కారు ఇంజను అభివృద్ధిని చాలాకాలము అడ్డగించినది. దానిని అణచుటకు 1921లో కనిపెట్టిన ఉపాయము ప్రపంచములోని నగరాలన్నిటి గాలిలోను విషమును కలిపినది. ఆ విషము చిట్టచివరి పెట్రోలు బంకునుండి తొలగిపోయేసరికి 2021వ సంవత్సరము వచ్చినది. ఈ నూరేండ్ల కథ అర్థము కావలెనంటే ముందుగా ఒక ప్రశ్న వేసుకోవలెను: ఇంజనులో పెట్రోలును మండించుటకు ముందు దానిని ఎందుకు నొక్కవలె?

పెట్రోలు ఇంజనులోని సిలిండరులోకి గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమము వస్తుంది. పిస్టన్ పైకి వచ్చి దానిని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. మిశ్రమము మండి వ్యాకోచించి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. పిస్టన్ అట్టడుగున ఉన్నప్పటి ఘనపరిమాణము, పైకొసన ఉన్నప్పటి ఘనపరిమాణానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యను సంపీడన నిష్పత్తి అంటారు. మిశ్రమమును ఎనిమిదోవంతుకు నొక్కితే నిష్పత్తి 8. మండించుటకు ముందు వీలైనంత ఎక్కువగా నొక్కవలెనని ఫ్రెంచి ఇంజనీరు బో ద రోషా 1862లోనే వ్రాసినాడు. దానిని నడిచే యంత్రముగా చేసి చూపినవాడు జర్మనీలోని నికొలాస్ ఒట్టో, అది 1876లో. మన వీధులలో తిరిగే ఆటోకు ఈయన పేరుతో సంబంధమేమీ లేదు గాని, ఆ ఆటోలోని పెట్రోలు ఇంజను మాత్రము ఒట్టో చక్రము ప్రకారమే నడుస్తున్నది.

నొక్కినందువల్ల లాభమెంత? ఉష్ణగతిశాస్త్రము దీనికి తేలికైన సూత్రము ఇచ్చినది. సంపీడన నిష్పత్తిని 0.4 ఘాతానికి హెచ్చించి, దానితో ఒకటిని భాగించి, వచ్చినదానిని ఒకటినుండి తీసివేస్తే ఆదర్శ ఇంజను దక్షత వస్తుంది. నిష్పత్తి 4 అయితే సుమారు 43 శాతము. 8 అయితే 56 శాతము. 10 అయితే 60 శాతము. నిజమైన ఇంజనులో దక్షత ఇంతకంటె చాలా తక్కువ. అయినా నిష్పత్తిని 4నుండి 8కి పెంచితే అదే పెట్రోలుతో దాదాపు మూడోవంతు అదనపు పని దొరుకుతుందన్న సంగతి మారదు. 8నుండి 16కు పోతే వచ్చే లాభము అంత గొప్పది కాదు. లెక్క వేసి చూడుడు. సంపీడనము వల్ల కలిగే ఫలము మొదట దండిగా, పోనుపోను పొదుపుగా లభిస్తుందన్నమాట.

అయితే సైకిలు పంపు కొట్టినవారికందరికీ తెలుసు, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 27 సెంటీగ్రేడు డిగ్రీల గాలిని, వేడి బయటికి పోనీయకుండా నాలుగోవంతుకు నొక్కితే దాని ఉష్ణోగ్రత సుమారు 250 డిగ్రీలవుతుంది. ఎనిమిదోవంతుకు నొక్కితే 415 దాటుతుంది. పదోవంతుకైతే 480. ఇంతటి వేడిలో పెట్రోలు ఆవిరి నిప్పురవ్వకోసము కాచుకొని కూర్చోదు. ఫోర్డు కంపెనీ 1908లో తెచ్చిన మోడల్ టీ కారులో నిష్పత్తి మొదట 4.5, తరువాతి సంవత్సరాలలో దానిని 4కు దగ్గరగా తగ్గించినారు. అప్పటి అమెరికాలో కార్లు పెరిగి, పెట్రోలు చాలక, బరువైన నాసి భాగాలనుకూడా అందులో కలుపుతుండిరి. సిద్ధాంతము పైకి పొమ్మంటుంటే ఇంజను కిందికి దిగవలసి వచ్చినది. అడ్డము పడినది ఆ టకటకే.

సరిగా నడిచే ఇంజనులో మంట ఎట్లా సాగుతుంది? నిప్పురవ్వ పుట్టినచోటినుండి మంట ఒక తెరవలె విచ్చుకొంటూ సిలిండరును దాటుతుంది. దీనికి పట్టే కాలము సెకనులో వెయ్యోవంతులు రెండో మూడో మాత్రమే. అయినా అది ప్రేలుడు కాదు, దహనమే. మంట తెర ముందుకు వస్తున్నకొద్దీ, ఇంకా అంటుకోని కడపటి వాయువును దానికి వెనుకనున్న వేడి వాయువు నొక్కుతుంది. పిస్టన్ ఒకసారి నొక్కినదానిని మంట రెండవసారి నొక్కుతున్నదన్నమాట. ఆ కడపటి వాయువు వేడెక్కి వేడెక్కి, మంట తన్ను చేరుటకు ముందే తనంతట తానుగా ఒక్కసారి భగ్గుమంటే, అక్కడ పీడనము హఠాత్తుగా పెరుగుతుంది. ఆ పీడన తరంగము సిలిండరు గోడనుండి గోడకు కొట్టుకొంటుంది. మనకు వినపడేది అదే.

ఈ తరంగము చెవికి చికాకు కలిగించి ఊరుకొంటే పెద్ద నష్టము లేదు. సిలిండరు గోడలను, పిస్టన్ తలను అంటిపెట్టుకొని పలుచని చల్లని వాయుపొర ఒకటి ఉంటుంది. రెండువేల డిగ్రీల మంటనుండి అల్యూమినియము పిస్టన్‌ను కాపాడేది ఆ పొరే. నాకింగు తరంగము దానిని చెరిపివేస్తుంది. ఎక్కువసేపు సాగనిస్తే పిస్టన్ అంచు కరిగి గుంటలు పడుతుంది, రింగులు విరుగుతాయి.

దీనితో పోల్చి చాలామంది పొరబడే విషయము మరొకటి ఉన్నది. ప్లగ్గు కొననో మసిముక్కనో ఎర్రగా కాలి, నిప్పురవ్వకు ముందే మిశ్రమమును అంటించుట వేరు. అది రవ్వకు ముందు జరుగుతుంది. నాకింగు రవ్వ తరువాత జరుగుతుంది. ఈ రెండింటినీ స్పష్టముగా వేరుచేసి చూపినవారిలో ముఖ్యుడు ఇంగ్లండులోని హ్యారీ రికార్డో. కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు హాప్కిన్సన్ వద్ద ఇంజనులు నేర్చినవాడు. కడపటి వాయువు తానై అంటుకొనుటే నాకింగునకు కారణమని ఈయన చెప్పినాడు. 1930ల్లో అమెరికాలో విత్‌రో, రాస్‌వైలర్ అనువారు ఇంజను తలకు స్ఫటికపు కిటికీ అమర్చి మంటను అతివేగపు కెమెరాతో చలనచిత్రము తీసినప్పుడు, సరిగా అదే కంటికి కనపడినది.

ఇక కథ అమెరికాలోని డేటన్ పట్టణానికి పోవలెను. చార్లెస్ కెట్టరింగ్ అక్కడివాడు. చేతితో హ్యాండిల్ తిప్పకుండా విద్యుత్తుతో కారును స్టార్టు చేసే పరికరము కనిపెట్టి, 1912 కాడిలాక్ కారులో పెట్టించినవాడు. దానితోపాటు ఆయన బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతినికూడా తెచ్చినాడు. ఇంజనులు టకటకలాడుతుంటే, నేరము ఆ కొత్త పద్ధతిదేనని ప్రత్యర్థులు ప్రచారము చేసినారు. అంతేకాక, పల్లెటూరి ఇండ్లకు దీపాలు వెలిగించుటకు ఆయన కంపెనీ అమ్మిన చిన్న ఇంజనులు కిరసనాయిలుతో నడిచేవి. అవి మరీ ఎక్కువగా కొట్టుకొనేవి. మన ఊళ్ళలో కిరసనాయిలు కలిపిన కల్తీ పెట్రోలు పోసిన స్కూటరు ఎట్లా మొత్తుకొంటుందో ఎరిగినవారికి ఇది వింత కాదు. నింద తొలగించుకొనుటకు కెట్టరింగ్ 1916లో ఈ సమస్యను థామస్ మిడ్జ్‌లీ అనే యువకుడికి అప్పగించినాడు. మిడ్జ్‌లీ చదివినది మెకానికల్ ఇంజనీరింగు. రసాయనశాస్త్రము పని చేస్తూ నేర్చుకొన్నాడు.

వారి మొదటి ఊహ వినుటకు హాస్యముగా ఉంటుంది. అమెరికాలో మంచు పూర్తిగా కరుగకముందే పూసే ఒక చిన్న మొక్క ఉన్నది. దాని ఆకుల అడుగుభాగము ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు వేడిని ఎక్కువగా పీల్చుకొనుటవల్లనే అది అంత చలిలో పూస్తున్నదేమో. అట్లాగే కిరసనాయిలుకు ఎరుపు రంగు వేస్తే త్వరగా వేడిని పీల్చి, బాగా ఆవిరియై, సరిగా మండుతుందేమో! ప్రయోగశాలలో ఎర్ర రంగు దొరకలేదు. నూనెలో కరిగి ఎరుపునిచ్చేది అయొడిన్ ఉన్నది. అయొడిన్ కలిపి చూస్తే చప్పుడు ఆగినది! సంతోషముతో నిజమైన ఎర్ర రంగులు తెప్పించి కలిపితే ఒక్కటీ పనిచేయలేదు. రంగులేని అయొడిన్ సమ్మేళనము మాత్రము పనిచేసినది. ఊహ తప్పు, ఫలితము నిజము. ఎరుపునకు, నాకింగునకు సంబంధము లేదని ఆ ప్రయోగమే తేల్చినది; అయితే ఇంధనములో పిసరంత పదార్థము కలిపి దహనపు స్వభావమునే మార్చవచ్చునన్న సంగతి అనుకోకుండా బయటపడినది. తప్పు పరికల్పనను కూడా నియమముగా పరీక్షించుటవల్ల కలిగే మేలుకు ఇంతకంటె చక్కని ఉదాహరణము తరగతి గదిలో చెప్పుటకు నాకు దొరకలేదు.

అయొడిన్ ఖరీదైనది, లోహాలను తినివేస్తుంది. అందుచేత వెదుకులాట సాగినది. 1919లో అనిలీన్ పనికివచ్చునని తేలినది. దాని కంపు భరింపరానిది. తరువాత సెలీనియము, టెల్లూరియము సమ్మేళనాలు. టెల్లూరియము మరింత శక్తిమంతమే గాని, దానిని ముట్టినవారిని కుళ్ళిన వెల్లుల్లి వంటి వాసన రోజుల తరబడి వదలేది కాదు. అంతవరకు గుడ్డిగా సాగిన వెదుకులాటను మిడ్జ్‌లీ అప్పుడు ఆవర్తన పట్టికవైపు మళ్ళించినాడు. పరిచయమున్న మూలకాలను పట్టికలో అమర్చి, వాటి శక్తిని గీతలుగా గీచి చూస్తే, గ్రూపులో కిందికి పోయినకొద్దీ గుణము పెరుగుతున్నట్లు కనపడినది. తగరము ఆశ చూపినది. దానికింద సీసము ఉన్నది. 1921 డిసెంబరు 9న టెట్రాఈథైల్ లెడ్ అనే ద్రవమును, అంటే సీసపు పరమాణువుకు నాలుగు ఈథైల్ సమూహాలు చేరిన సమ్మేళనమును పరీక్షించినారు. వెయ్యి భాగాల పెట్రోలుకు ఒక భాగముకంటె తక్కువ కలిపినా చప్పుడు మాయమైనది. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోని ఒక బంకులో దాని అమ్మకము మొదలైనది.

సీసము ఏమి చేస్తుంది? కడపటి వాయువు అంటుకొనుటకు ముందు అందులో స్వేచ్ఛా ప్రాతిపదికలు పుడతాయి. ఒక్కొక్కటి రెండు మూడింటిని పుట్టిస్తూ గొలుసు చర్యగా విజృంభిస్తాయి. సీసపు సమ్మేళనము వేడికి విడిపోయి, సీసపు ఆక్సైడు అతిసూక్ష్మ రేణువులుగా వ్యాపిస్తుంది. ఆ రేణువుల ఉపరితలము ప్రాతిపదికలను పట్టి గొలుసును తెంపుతుంది. మంట తెర వచ్చి చేరేవరకు కడపటి వాయువు నిద్రలోనే ఉంటుంది.

ఆ ఆక్సైడు ఇంజనులోనే పేరుకొంటే ప్లగ్గులు, వాల్వులు పాడవుతాయి. దీనికి మిడ్జ్‌లీ, అతని సహచరులు మరొక ఉపాయము పన్నినారు. ఈథిలీన్ డైబ్రోమైడు కలిపితే సీసము బ్రోమైడుగా మారి, ఆవిరియై పొగగొట్టముగుండా బయటికి పోతుంది. ఇందుకు బ్రోమిన్ ఎంత కావలసి వచ్చినదంటే, 1934నుండి అమెరికాలో సముద్రపు నీటినుండి దానిని తీయనారంభించినారు. ఇంజనును కాపాడుటకు సీసమును గాలిలోకి పంపవలె. ఈ ఒక్క వాక్యములో రానున్న అనర్థమంతా ఉన్నది. అమెరికన్ గాలనుకు 3 ఘనపు సెంటీమీటర్ల సమ్మేళనము కలిపితే, లీటరుకు సుమారు 0.8 గ్రాముల సీసమవుతుంది. లీటరుకు 10 కిలోమీటర్లు పోయే కారు ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే, దాని పెట్రోలులోని సీసము 800 గ్రాములు. అందులో అధికభాగము వీధిలోనికే పోతుంది. అటువంటి కార్లు నగరములో లక్ష ఉంటే ఎంతవుతుందో విద్యార్థులే లెక్కింపగలరు.

సీసము విషమన్న సంగతి అప్పటివారికి తెలియదా అని అడుగవచ్చు. తెలుసు. 1923 ఆరంభములో మిడ్జ్‌లీయే సీసపు విషము సోకి ఫ్లారిడాలో విశ్రాంతి తీసుకొనవలసి వచ్చినది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారములో ఈ ద్రవమును తయారుచేసే పనివారు మతిచలించి, పిచ్చి కేకలు వేస్తూ ఆసుపత్రి పాలైనారు. అయిదుగురు చనిపోయినారు. ఇతర కర్మాగారాల మరణాలనుకూడా కలుపుకొంటే సంఖ్య పది దాటినది. ఆ నెలాఖరున మిడ్జ్‌లీ పత్రికా విలేకరుల ఎదుట ఆ ద్రవముతో చేతులు కడిగి, ఒక నిమిషముపాటు వాసన చూచి, ప్రమాదమేమీ లేదని చెప్పినాడు. తన శరీరములో ఆ విషము చేసిన పని ఎరిగిన మనిషి ఆ విధముగా చేయుట ఈ చరిత్రలో నాకు మింగుడుపడని ఘట్టము.

1925 మే 20న వాషింగ్టనులో ప్రభుత్వ వైద్యశాఖ సభ జరిపినది. పారిశ్రామిక విషాలలో పండితురాలైన డాక్టరు ఆలిస్ హామిల్టన్, యేల్ విశ్వవిద్యాలయపు యాండెల్ హెండర్సన్ హెచ్చరించినది కర్మాగారము లోపలి ప్రమాదమును గురించి మాత్రమే కాదు. వీధులలో మెల్లమెల్లగా పేరుకొనే సీసమును గురించి కూడా. కొంతకాలము అమ్మకము ఆపినారు. ఒక సంఘము కొన్ని నెలలపాటు డ్రైవర్లను, గారేజి పనివారిని పరీక్షించి, నిషేధించుటకు తగిన ఆధారము లేదని, పరిశోధన ఇంకా సాగవలెనని 1926 జనవరిలో చెప్పినది. నెలలలో కనపడని విషము ఏండ్ల తరబడిలో కనపడవచ్చునని ఆ సంఘమే గుర్తించినది. అమ్మకము తిరిగి మొదలైనది. పరిశోధన మాత్రము ఆ తరువాత దాదాపు నలభై ఏండ్లు ఆ పరిశ్రమ డబ్బుతో, ముఖ్యముగా దాని వైద్య సలహాదారైన రాబర్ట్ కీహో చేతులమీదుగా నడిచినది.

వేరే దారి లేక సీసమును పట్టుకొన్నారా? అదికూడా కాదు. ఆల్కహాలు, బెంజీను కలిపితే నాకింగు తగ్గుతుందని మిడ్జ్‌లీకి, కెట్టరింగ్‌కు సీసముకంటె ముందే తెలుసు. అయితే ఆల్కహాలును పదోవంతో అయిదోవంతో కలుపవలె. అంత సరకు పండించి, కాచి, తెచ్చి పోయవలె. పైగా ఆల్కహాలు మీద పేటెంటు ఎవరికి దొరకును? సీసమైతే లీటరుకు చెంచాలో కొసరంత చాలు. జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కలిసి 1924లో ఈథైల్ పేరుతో ఒక సంస్థనే పెట్టినవి. బంకులో అమ్మేటప్పుడు కూడా ‘ఈథైల్’ అన్నారే గాని, ‘సీసము’ అన్న మాట పేరులో లేదు.

ఇదే కాలములో ఇంగ్లండులో రికార్డో వేరొక వైపునుండి వచ్చినాడు. ఇంధనమును మార్చుట సరే, ఇంజను ఆకారము సంగతేమిటి? షెల్ సంస్థ సహాయముతో ఆయన సంపీడన నిష్పత్తిని ఇంజను నడుస్తుండగానే మార్చుకొనే పరీక్షా యంత్రమును నిర్మించి, ఒక్కొక్క ఇంధనము ఎంత నొక్కుడువరకు టకటకలాడకుండా ఓర్చుకొంటుందో కొలిచినాడు. బెంజీను, టోలీను వంటి ఆరోమాటిక్ పదార్థాలు బాగా ఓర్చుకొంటాయని ఆ కొలతలలో తేలినది. కార్లకోసము ఆయన 1919లో పేటెంటు చేసిన సిలిండరు తల ఇంకా తేలికైన ఆలోచన. మంట ప్రయాణము చేయవలసిన దూరమును తగ్గించినాడు. పిస్టన్ తలకు, మూతకు మధ్య ఒక ప్రక్క పలుచని సందు మాత్రమే ఉంచినాడు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ సందులోని వాయువు చిమ్మినట్లు బయటికి వచ్చి మిశ్రమమును సుడి తిప్పుతుంది. మంట వేగము పెరుగుతుంది. సందులో మిగిలిన కడపటి వాయువు రెండు చల్లని లోహపు గోడల మధ్య పడి వేడెక్కకుండా ఉంటుంది. తానై అంటుకొనుటకు దానికి వ్యవధీ లేదు, వేడీ లేదు. సీసపు చుక్క లేకుండా సాధించిన ఈ పని మెకానిక్కుల నోట ఈనాటికీ ‘స్క్విష్’ అనే పేరుతో బ్రతికి ఉన్నది.

ఇంధనముల ఓర్పును కొలుచుటకు అందరికీ ఒకే కొలబద్ద కావలసి వచ్చినది. 1926లో గ్రాహం ఎడ్గర్ రెండు శుద్ధ ద్రవాలను ఎంచినాడు. ఒకటి సాధారణ హెప్టేను. ఏడు కర్బన పరమాణువులు ఒకే వరుసలో ఉన్న గొలుసు. ఇది ఇట్టే టకటకలాడుతుంది. దాని సంఖ్య 0. అమెరికాలోని ఒకజాతి పైను చెట్టు బంకనుండి ఇది శుద్ధముగా దొరికేది. రెండవది ఐసో ఆక్టేను. ఎనిమిది కర్బనాలు కొమ్మలు కొమ్మలుగా ఉన్న అణువు. దాని సంఖ్య 100. ఒక పెట్రోలు ఆక్టేను సంఖ్య 91 అంటే అందులో 91 శాతము ఆక్టేను ఉన్నదని అర్థము కాదు. 91 భాగాల ఐసో ఆక్టేను, 9 భాగాల హెప్టేను కలిపిన ద్రవము పరీక్షా ఇంజనులో ఎట్లా ప్రవర్తిస్తుందో ఇదికూడా అట్లా ప్రవర్తిస్తుందని మాత్రమే. సంఖ్య పెద్దదైతే పెట్రోలుకు ‘బలము’ ఎక్కువని చాలామంది అనుకొంటారు. అది బలము కాదు, ఓర్పు.

వరుస గొలుసుకు ఓర్పు ఎందుకు లేదు? గొలుసు నడుమనున్న కర్బనాలనుండి హైడ్రొజన్ తేలికగా ఊడుతుంది. ఆ చోట ఆక్సిజన్ చేరి పెరాక్సైడు ప్రాతిపదిక ఏర్పడుతుంది. పొడుగాటి గొలుసు మెలితిరిగి తన హైడ్రొజన్‌ను తానే అందుకొనగలదు కనుక చర్య వేగముగా సాగుతుంది. కొమ్మలున్న అణువులో ఎక్కువ హైడ్రొజన్లు కొసలలో గట్టిగా పట్టుకొని ఉంటాయి. అణువు మెలితిరుగుటకు కొమ్మలు అడ్డము. కర్బనాలెన్ని అన్నదికాదు, అవి ఎట్లా అమరినవన్నదే ముఖ్యము. శుద్ధి కర్మాగారాలు ఈ రహస్యమును పట్టుకొన్నవి. 1937లో హౌడ్రీ ఉత్ప్రేరకముతో పెద్ద అణువులను విరిచే పద్ధతిని, 1949లో హెన్సెల్ ప్లాటినముతో గొలుసులను ఆరోమాటిక్ చక్రాలుగా మార్చే పద్ధతిని పారిశ్రామికముగా నెలకొల్పినారు. పెట్రోలు ఓర్పు సీసముతో నిమిత్తము లేకుండానే పెరుగసాగినది.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత అమెరికాలో సంపీడనపు పోటీ మొదలైనది. 1947లో కెట్టరింగ్ 12.5 నిష్పత్తిగల ప్రయోగపు ఇంజనును ఇంజనీర్ల సభలో వివరించినాడు. 1949లో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ కారు నిష్పత్తి 7.25. 1960ల చివరికి రోడ్డుమీద తిరిగే కార్లలో 10 దాటినవి సాధారణమైపోయినవి. కాని ఆ ఓర్పును కొంత మంచి పెట్రోలుతోను, కొంత సీసముతోను కొన్నారు, సీసమే చవక.

సీసపు చరిత్రను మలుపు తిప్పినవాడు ఇంజనులతో ఏమాత్రము సంబంధము లేని భూరసాయన శాస్త్రజ్ఞుడు. క్లెయిర్ పాటర్సన్ ఉల్కాశకలాలలోని సీసపు ఐసోటోపులను కొలిచి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రకటించినవాడు. ఆ పనిలో ఆయన్ను వేధించినది, ఎంత కడిగినా ప్రయోగశాలలోకి చొరబడే సీసము. ఎక్కడినుండి వస్తున్నది ఇది? ఆ జాడ వెదుకుతూ పోయి, మనుషుల శరీరాలలోని సీసము సహజమైనది కాదని, పరిశ్రమలవల్ల ఎన్నో రెట్లు పెరిగినదని 1965లో వ్రాసినాడు. గ్రీన్‌లాండు మంచుపొరలలో కూడా ఆ పెరుగుదల కనపడినది. కీహో దీనిని ఒప్పుకోలేదు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల ఊడిన పాలపండ్లలోని సీసమును కొలిచి, ఎక్కువ సీసమున్న పిల్లలు తెలివి పరీక్షలలో వెనుకబడుతున్నారని చూపినాడు. అమెరికాలో 1976నుండి 1980లోపల పెట్రోలులో సీసము తగ్గినకొద్దీ ప్రజల రక్తములోని సీసముకూడా వెంటవెంటనే సుమారు 37 శాతము పడిపోయినది. కీహో వాదానికి అంతకంటె సూటియైన జవాబు ఉండదు.

అక్కడ ప్రభుత్వము సీసము తగ్గించుటకు పూనుకొన్నది పిల్లలకోసము మాత్రమే కాదు. పొగను శుభ్రపరచుటకు 1975 కార్లలో పెట్టిన ఉత్ప్రేరక కన్వర్టరులోని ప్లాటినమును సీసము చంపివేస్తుంది. సీసము లేని పెట్రోలు రానున్నదని తెలిసి, 1971నుండే కంపెనీలు సంపీడన నిష్పత్తిని కిందికి దించినవి. మన దేశములో 1995 ఏప్రిల్‌నుండి నాలుగు మహానగరాలలో కన్వర్టరుగల కొత్త కార్లకు సీసరహిత పెట్రోలు ఇచ్చినారు. 2000 ఫిబ్రవరి 1నుండి దేశమంతటా సీసపు పెట్రోలు ఆగిపోయినది. ప్రపంచములో చిట్టచివర 2021లో అల్జీరియా దానిని ఆపినది.

సీసము పోయినా సంపీడనము మళ్ళీ పైకి ఎక్కినది. ఎట్లాగంటే, చప్పుడునే చెప్పుచేతలలోకి తెచ్చుకొన్నారు. నాకింగు స్వరము ఊహించరానిది కాదు. మండుతున్న వాయువులో ధ్వని సెకనుకు సుమారు 950 మీటర్లు పోతుంది. 80 మిల్లీమీటర్ల వ్యాసముగల సిలిండరులో వాయువు ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు ఊగే పౌనఃపున్యము, ధ్వని వేగమును వ్యాసముతో భాగించి 0.59తో గుణిస్తే, సెకనుకు దాదాపు 7,000. ఇంజను ఇతర చప్పుళ్ళలోనుండి ఈ ఒక్క స్వరమును ఏరి వినగల స్ఫటికమును సిలిండరు దిమ్మెకు బిగించినారు. కంపనము తగిలితే స్ఫటికములో విద్యుత్తు పుడుతుంది. అది అందగానే కంప్యూటరు నిప్పురవ్వను కొన్ని డిగ్రీలు ఆలస్యము చేస్తుంది. తరువాత కొంచెము కొంచెముగా తిరిగి ముందుకు జరుపుతుంది. 1978 బ్యూక్ కారులో ఇటువంటి సాధనము వచ్చినది. కొన్నేండ్ల తరువాత స్వీడనులోని సాబ్ టర్బో కార్లలో గాలి ఒత్తిడినికూడా దీనితోనే అదుపు చేసినారు. ఘాట్ రోడ్డుమీద పాత డ్రైవరు చెవితో, కాలితో చేసిన పనినే ఇది మనకు వినపడకముందే చేస్తున్నది.

మరొక ఉపాయము చల్లదనము. పెట్రోలును సిలిండరులోనే నేరుగా చిమ్మితే, అది ఆవిరి అగుటకు కావలసిన వేడిని లోపలి గాలినుండే తీసుకొంటుంది. కిందటి దహనపు వేడి వాయువు సిలిండరులో మిగలకుండా తరిమివేస్తే ఆరంభ ఉష్ణోగ్రతే తగ్గుతుంది. 2011లో మాజ్దా కంపెనీ 14 నిష్పత్తిగల ఇంజనును జపానులో మామూలు చిన్న కారులో అమ్మినది. మోడల్ టీ కాలమువారికి చెబితే నమ్మియుండరు.

ఇక మూలబడిన ఆల్కహాలు. మన దేశము పెట్రోలులో దానిని కలుపుటకు 1948లోనే పవర్ ఆల్కహాలు చట్టము చేసినది గాని, పని విస్తరించుటకు చాలాకాలము పట్టినది. 2023 ఫిబ్రవరిలో 20 శాతము ఎథనాలు గల పెట్రోలు కొన్ని బంకులలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించినది. ఎథనాలు ఆక్టేను సంఖ్య 108 ప్రాంతములో ఉంటుంది. ఆవిరి అగుటకు అది పెట్రోలుకంటె రెండు రెట్లకు పైగా వేడిని లాగుకొంటుంది. ఈ రెండు గుణాలూ ఎక్కువ సంపీడనమునకు కలిసివచ్చేవే. అయితే లీటరు ఎథనాలులో శక్తి పెట్రోలులో మూడింట రెండువంతులే. కనుక 20 శాతము కలిపిన లీటరులో శక్తి సుమారు 6, 7 శాతము తగ్గుతుంది. సంపీడన నిష్పత్తిని పెంచి కట్టిన కొత్త ఇంజను ఈ నష్టములో కొంత పూడ్చుకొనగలదు. 9 నిష్పత్తితో ఏనాడో కట్టిన పాత ఇంజనుకు అధికమైన ఓర్పు ఇచ్చినా దానిని వాడుకొనే వీలు లేదు. దాని యజమానికి కనపడేది మైలేజి తగ్గుట, పాత రబ్బరు గొట్టాలు చెడుట మాత్రమే. అదే పెట్రోలు ఒకరికి లాభముగా, మరొకరికి నష్టముగా ఉండుటకు కారణము వెదుకవలసినది బంకులో కాదు, పిస్టన్ తలకు, సిలిండరు మూతకు మధ్యనున్న ఆ కొద్దిపాటి జాగాలో.